మునిగిన ఓడకు దొరికిన రెండో ఉద్యోగం

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను ఇరవై నిమిషాలు మాట్లాడమన్నారు. విషయం మీ ఇష్టం అన్నారు. మన సమావేశాల్లో సాధారణంగా కరువు భృతి బకాయిల గురించో, మెడికల్ బిల్లుల గురించో, మోకాళ్ల నొప్పుల గురించో మాట్లాడుకుంటాం. అవి ఎప్పుడూ ఉండేవే, వచ్చే నెలా ఉంటాయి. ఈసారికి సముద్రం అడుగున ఉన్న ఒక ఓడ గురించి చెప్పుకుందామని వచ్చాను.

దాని పేరు స్పీగెల్ గ్రోవ్. అమెరికా నౌకాదళంలో 33 ఏళ్లు పనిచేసి రిటైరైన ఓడ. మనలో చాలామంది సర్వీసు కూడా అటూ ఇటూగా అంతే కదా. ఇప్పుడది ఫ్లోరిడా రాష్ట్రంలో కీ లార్గో అనే ఊరికి ఆరు మైళ్ల దూరంలో, 130 అడుగుల లోతున, ఇసుక మీద నిలబడి ఉంది. యుద్ధంలో శత్రువు ముంచింది కాదు. తుఫానులో మునిగిందీ కాదు. అర్జీలు పెట్టి, అనుమతులు తెచ్చుకుని, ఖర్చు పెట్టి, కావాలనే ముంచారు. ఎందుకంటే దాన్ని చేపలకూ పగడాలకూ ఇల్లుగా మార్చాలని. దీన్నే కృత్రిమ దిబ్బ అంటారు. ఇంగ్లీషులో ఆర్టిఫిషియల్ రీఫ్.

"మీరు దిగి చూశారా?" అని మీరు అడగబోతారని నాకు తెలుసు. దిగలేదు. నా గుండెలో స్టెంటు ఉంది. దిగి చూసింది మా మనవరాలు. నేను పైన పడవలో కూర్చున్నాను. అది పైకి వచ్చి పూసగుచ్చినట్టు చెప్పింది కొంత, తరువాత నేను చదివి తెలుసుకున్నది కొంత. గుమాస్తాగా బతికినవాడు కాగితం కనిపిస్తే వదలడు.

ముందు ఓడ సర్వీసు రిజిస్టరు చూద్దాం. 1955 నవంబరులో దాన్ని మొదటిసారి నీళ్లలోకి దించారు. 1956 జూన్‌లో నౌకాదళంలో చేర్చుకున్నారు. పొడవు 510 అడుగులు, వెడల్పు 84 అడుగులు. పెద్ద పెద్ద ఫిరంగులతో యుద్ధం చేసే ఓడ కాదు. సైనికుల్ని, వాహనాల్ని, చిన్న పడవల్ని కడుపులో పెట్టుకుని తీరం దాకా తీసుకుపోయే ఓడ. తీరం దగ్గర ఆగి, వెనక తలుపు తెరిచి, లోపలికి నీళ్లు ఎక్కించుకుంటుంది. అప్పుడు లోపలున్న చిన్న పడవలు తేలి బయటికి వెళ్తాయి. అంటే కొంచెం కొంచెం మునగడం దానికి ఉద్యోగంలో ఉండగానే అలవాటు.

ఆ పేరుకి అర్థం కూడా బాగుంది. అమెరికా అధ్యక్షుడిగా పనిచేసిన రూథర్‌ఫర్డ్ హేస్ గారికి ఒహాయో రాష్ట్రంలో ఒక తోట ఉండేది. వాన వెలిశాక అక్కడి చెట్ల కింద నిలిచిన నీళ్లు అద్దాల్లా మెరిసేవట. జర్మను భాషలో స్పీగెల్ అంటే అద్దం. గ్రోవ్ అంటే తోపు. ఆ అద్దాల తోపు పేరే ఓడకు పెట్టారు.

1989 అక్టోబరులో ఓడ రిటైరైంది. వర్జీనియాలో జేమ్స్ నది మీద పాత ఓడల్ని వరసగా కట్టి ఉంచే చోటు ఒకటి ఉంది. అక్కడ కట్టేశారు. ఇలాంటి చోటు మనకు తెలియనిది కాదు. నేను సర్వీసులో చివరి పన్నెండేళ్లు డెడ్ స్టాకు రిజిస్టరు చూశాను. ప్రతి ఆఫీసు వెనక వరండాలో కాలు విరిగిన కుర్చీలు, తలుపు ఊడిన బీరువాలు, మూగబోయిన టైపు మిషన్లు పేరుకుని ఉండేవి. కమిటీ వచ్చి చూసి 'పనికిరాదు' అని రాస్తేగాని కండెమ్ చేయడానికి వీల్లేదు. కండెమ్ చేస్తేగాని వేలం వేయడానికి వీల్లేదు. వేలం వేస్తేగాని వరండా ఖాళీ కాదు. ఈలోగా వానకు తడిసి, ఎండకు ఎండి, పనికొచ్చేవి కూడా పాడయ్యేవి. స్పీగెల్ గ్రోవ్ కూడా అలాగే పన్నెండేళ్లకు పైగా కాలం గడిపింది. ఇనుపసామాను కింద అమ్ముడుపోవడమే దాని ముందున్న దారి.

ఇక్కడ కీ లార్గో వాళ్లు రంగంలోకి దిగారు. ఫ్లోరిడా దక్షిణపు కొసన దీవులు దండలా ఉంటాయి. వాటి పొడవునా సముద్రంలో సహజమైన పగడపు దిబ్బలున్నాయి. 1990లో ఆ ప్రాంతమంతటినీ రక్షిత సముద్ర ప్రాంతంగా ప్రకటించారు. కాని చూడటానికి వచ్చే జనం ఎక్కువ. పగడం చూడటానికి రాయిలా ఉంటుంది గాని అది ప్రాణి. చెయ్యి తగిలినా, కాలి రెక్క తగిలినా, పడవ లంగరు పడినా దెబ్బతింటుంది. ఏళ్ల తరబడి పెరిగినది నిమిషంలో విరుగుతుంది. వచ్చేవాళ్లను రావద్దంటే ఊరికి బతుకు లేదు. రానిస్తే పగడాలకు బతుకు లేదు. అందుకని అక్కడి పడవలవాళ్లు, డైవింగ్ దుకాణాలవాళ్లు, స్థానిక ప్రభుత్వం కలిసి ఆలోచించారు. ఒక పెద్ద ఓడను తెచ్చి ముంచితే కొంత జనం అటు వెళ్తారు, పగడాలకు కొంత ఊపిరి దొరుకుతుంది అని.

ఆలోచన పుట్టినది మొదలు ఓడ అడుగుకు చేరేదాకా ఎనిమిదేళ్లు పట్టింది. నౌకాదళం, ఓడల శాఖ, పర్యావరణ శాఖ, తీర రక్షక దళం, రక్షిత ప్రాంతపు అధికారులు, రాష్ట్ర ప్రభుత్వం, ఇలా ఎన్ని టేబుళ్లు తిరిగిందో ఆ ఫైలు! ఖర్చు పది లక్షల డాలర్లు దాటింది. ఇది చదివినప్పుడు నాకు, ఎర్ర టేపు మన దేశంలోనే ఉండదు కాబోలు అని కొంచెం సంతృప్తి కలిగిన మాట నిజం. కాని ఆ ఎనిమిదేళ్లలో వృథా పోయింది అంతా కాదు. అందులో అసలు పని ఒకటి ఉంది. దాని గురించే నేను ఈ రోజు ముఖ్యంగా చెప్పదలిచాను.

అది శుభ్రం చేయడం. పాత ఓడను ఉన్నది ఉన్నట్టు ముంచితే అది దిబ్బ కాదు, విషపు గుట్ట. దాని ట్యాంకుల్లో, పైపుల్లో నూనె ఉంటుంది. గోడల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. పాత కేబుళ్ల తొడుగుల్లో, రబ్బరు పట్టీల్లో, రంగుల్లో పి.సి.బి. అనే రసాయనం ఉంటుంది. అది నీళ్లలో కరిగి పోయేది కాదు. చేప కొవ్వులో చేరుతుంది. చిన్న చేపను తిన్న పెద్ద చేపలో ఇంకా ఎక్కువవుతుంది. చివరికి ఆ చేపను తిన్న మనిషి దాకా వస్తుంది. అందుకని నూనె తోడాలి, కేబుళ్లు పీకాలి, ఊడే రంగు గీకాలి, తేలే వస్తువులు తీసేయాలి. ఈతగాళ్లు లోపల ఇరుక్కోకుండా తలుపులు ఊడదీయాలి. వెలుతురు రావడానికి, బయటపడటానికి గోడలకు కంతలు కొయ్యాలి. ఇవన్నీ ఎలా చేయాలో అమెరికా ప్రభుత్వం 2006లో ఒక మార్గదర్శక పత్రమే విడుదల చేసింది. అదే ఏడాది మే 17న ఒరిస్కనీ అనే విమానవాహక నౌకను ఫ్లోరిడాలోనే పెన్సకోలా దగ్గర ముంచారు. అది కొరియా యుద్ధంలో, వియత్నాం యుద్ధంలో పనిచేసిన ఓడ. దాన్ని సిద్ధం చేసి ముంచడానికి సుమారు రెండు కోట్ల డాలర్లు ఖర్చయింది. మునగడానికి పట్టింది 37 నిమిషాలు. పని ఎక్కడుందో చూడండి. ముంచడంలో లేదు, ముంచడానికి ముందు చేసిన దాంట్లో ఉంది.

స్పీగెల్ గ్రోవ్‌కి మాత్రం ఆ 37 నిమిషాల అదృష్టం లేకపోయింది. 2002 మే 17న ముహూర్తం పెట్టారు. లోపలికి నీళ్లు వదిలి మెల్లగా నిలువునా దింపాలని లెక్క. కాని అనుకున్న వేళకు చాలా ముందే ఓడ ఒక పక్కకు ఒరగడం మొదలుపెట్టింది. పని చేస్తున్నవాళ్లు ప్రాణాలు దక్కించుకుని బయటపడ్డారు. ఓడ తలకిందులై, వెనక భాగం అడుగున ఆని, ముక్కు మాత్రం నీళ్లపైకి పొడుచుకుని నిలబడిపోయింది. మునిగినట్టూ కాదు, తేలినట్టూ కాదు. ఊరు ఊరంతా చూస్తుండగా దాదాపు మూడు వారాలు అలాగే ఉంది. మళ్లీ డబ్బు సమకూర్చి, టగ్గు పడవలు తెచ్చి, గాలి సంచులు కట్టి, జూన్‌లో ఎలాగో పూర్తిగా ముంచారు. అప్పుడు కూడా అది నిలబడలేదు. కుడి పక్కకు పడుకుంది. ఇంతకంటే చేయగలిగింది లేదని వదిలేశారు.

మూడేళ్లు గడిచాయి. 2005 జూలైలో డెనిస్ అనే పెద్ద తుఫాను క్యూబా మీదుగా ఆ దీవుల పక్కనుంచి పోయింది. తుఫాను వెలిశాక డైవర్లు దిగి చూస్తే, పక్కకు పడుకుని ఉన్న వేల టన్నుల ఓడ నిటారుగా కూర్చుని ఉంది! మనుషులు లక్షలు పోసి చేయలేని పనిని అడుగున కదిలిన నీళ్లు చేసి పెట్టాయి. ఇది కథ కాదు, జరిగినది. ఇప్పుడు వెళ్లినా అది నిలబడే కనిపిస్తుంది.

ఇక సముద్రంలో దాని కొత్త ఉద్యోగం సంగతి. సముద్రపు అడుగు చాలా చోట్ల ఉట్టి ఇసుక. మన భాషలో చెప్పాలంటే బీడు. పగడపు పిల్లలు నీళ్లలో కొట్టుకొస్తుంటాయి గాని, పట్టుకోవడానికి గట్టి జాగా ఉంటేనే బతుకుతాయి. ఓడ ఇనుము వాటికి ఆ జాగా ఇస్తుంది. మొదట నాచు పొర పడుతుంది. తరువాత గుల్లలు, స్పాంజీలు, మెత్తని పగడాలు వస్తాయి. వాటిని తినడానికి, వాటి మధ్య దాక్కోవడానికి చిన్న చేపలు వస్తాయి. చిన్న చేపల కోసం పెద్దవి వస్తాయి. బారకూడాలు గుంపులుగా తిరుగుతాయి. గ్రూపర్ జాతిలో గోలియత్ అనే చేప ఒకటుంది, మనిషి కంటే పెద్దది. అది ఓడ గదుల్లో కాపురం పెట్టింది. మొదటి అయిదేళ్లలో శిక్షణ పొందిన స్వచ్ఛంద సేవకులు దిగి, పలకల మీద పెన్సిలుతో రాసుకుంటూ, వంద రకాలకు పైగా చేపల్ని నమోదు చేశారు. నీళ్ల అడుగున కూడా రిజిస్టరు రాసేవాళ్లున్నారని తెలిసి నాకు ఆ శాస్త్రం మీద గౌరవం పెరిగింది.

ఇక్కడ ఒక ప్రశ్న ఉంది. శాస్త్రవేత్తలు దీని మీద చాలా కాలంగా వాదించుకుంటున్నారు. ఓడ వల్ల చేపలు కొత్తగా పుట్టి పెరుగుతున్నాయా, లేక చుట్టుపక్కల ఉన్నవే వచ్చి ఇక్కడ చేరుతున్నాయా? మన లెక్కలో చెప్పాలంటే, కొత్త పోస్టులు మంజూరయ్యాయా, లేక పక్క ఆఫీసు నుంచి డెప్యుటేషన్ మీద తెచ్చి బలం పెరిగిందని చూపిస్తున్నారా? ఇది తమాషా ప్రశ్న కాదు. ఉన్న చేపలన్నీ ఒకచోట చేరితే వలవేసేవాడి పని సులువవుతుంది, ఉన్నవి కూడా పోతాయి. సమాధానం చోటును బట్టి, చేప రకాన్ని బట్టి, అక్కడ వేటను ఎంత అదుపులో పెట్టారన్న దాన్ని బట్టి మారుతుంది. ఒకటి మాత్రం స్పీగెల్ గ్రోవ్ విషయంలో లెక్కకట్టి చూశారు. ఓడ వచ్చాక చుట్టూ ఉన్న సహజ దిబ్బల మీద జనం తాకిడి తగ్గింది, ఊళ్లో వ్యాపారం పెరిగింది. ఏ పని కోసం వేశారో ఆ పని అది చేసింది.

ఇప్పుడు మా మనవరాలి సంగతి. మా అబ్బాయి ఉద్యోగరీత్యా ఫ్లోరిడాలో ఉంటాడు. మనవరాలు కాలేజీలో చదువుతూ స్కూబా నేర్చుకుంది. స్కూబా అంటే గాలి సిలిండరు వీపున కట్టుకుని నీళ్ల కింద ఊపిరి పీలుస్తూ ఈదడం. 1943లో ఫ్రాన్సులో కూస్తో, గాన్యాన్ అనే ఇద్దరు, పీల్చినప్పుడు మాత్రమే కావలసినంత గాలిని వదిలే సాధనం తయారు చేశాక ఇది మామూలు మనుషులకు అందుబాటులోకి వచ్చింది.

ఓడ మీదికి దిగుతానని మనవరాలు అన్నప్పుడు ఇంట్లో మా ఆవిడ వద్దంది. నేను, "ముందు ఆ కాగితాలు చూపించమ్మా" అన్నాను. మూడు రోజులు కూర్చుని దాని పుస్తకం చదివాను. అందులోని సంగతి సులువుగా చెబుతాను. ప్రతి 33 అడుగుల లోతుకు ఒక వాతావరణపు బరువు అదనంగా మీద పడుతుంది. వంద అడుగుల లోతున ఒత్తిడి పైన ఉన్నదానికి నాలుగు రెట్లు. అక్కడ ఒక్కో ఊపిరికి గాలి కూడా నాలుగింతలు ఖర్చవుతుంది. అదీ గాక, ఆ ఒత్తిడిలో గాలిలోని నత్రజని రక్తంలోకి, కండల్లోకి చేరి కరుగుతుంది. మెల్లగా పైకి వస్తే ఊపిరితోనే మెల్లగా బయటికి పోతుంది. ఒక్కసారిగా పైకి వస్తే ఏమవుతుందో గోలీసోడా కొట్టినవాళ్లందరికీ తెలుసు. బుస్సుమని బుడగలు. ఆ బుడగలు ఒంట్లో, కీళ్లలో, వెన్నుపాములో పుడితే మనిషి పడిపోతాడు. అందుకని ఎంత లోతున ఎన్ని నిమిషాలు ఉండవచ్చో పట్టికలున్నాయి. వంద అడుగుల్లో మామూలు గాలితో సుమారు ఇరవై నిమిషాలే. పైకి వచ్చేటప్పుడు నిమిషానికి 30 అడుగులు మించకూడదు. 15 అడుగుల దగ్గర మూడు నిమిషాలు ఆగి రావాలి. ఇవన్నీ చదివాక మా ఆవిడతో అన్నాను, "వీళ్లకి మన ట్రెజరీ కోడు కంటే ఎక్కువ రూల్సున్నాయి, పిల్లను వెళ్లనీ" అని.

ఆ రోజు పడవలో పద్నాలుగు మంది. ఎక్కే ముందు అందరి చేతా ఆరోగ్య ప్రశ్నల కాగితం నింపించారు, సంతకాలు తీసుకున్నారు. అందులో 45 ఏళ్లు దాటినవారికి ప్రత్యేకంగా ప్రశ్నలున్నాయి. నేను దిగనివాణ్ణయినా నా కాగితం మొత్తం చదివే సంతకం పెట్టాను. పడవ నడిపే అమ్మాయి నవ్వి, తన సర్వీసులో ఇది పూర్తిగా చదివిన మొదటి మనిషిని నేనేనంది. ఓడ ఉన్న చోట నీటిమీద గుర్తు బంతులు కట్టి ఉన్నాయి. లంగరు వేయరు, ఆ బంతికే పడవను కడతారు. అక్కడి నుంచి తాడు కిందికి ఓడ దాకా పోతుంది. నీటి ఉరవడి ఎక్కువ కాబట్టి ఆ తాడు పట్టుకునే దిగాలి. ఒక్కరూ ఒంటరిగా దిగకూడదు. ఇద్దరిద్దరు జతగా దిగాలి. దిగే ముందు ఒకరి సామాను ఒకరు తడిమి చూసుకోవాలి. సిలిండరులో గాలి మూడు వేల దగ్గర ఉంటే, అయిదు వందలు ఇంకా మిగిలి ఉండగానే పడవ ఎక్కాలి.

మా మనవరాలు నీళ్లలోకి అడుగు వేసి, తల మీద చెయ్యి పెట్టి బాగానే ఉన్నానని గుర్తు చూపించి, మునిగిపోయింది. తరువాత 32 నిమిషాలు నాకు సముద్రం తప్ప ఏమీ కనిపించలేదు. బుడగలు కొంచెంసేపు కనిపించాయి, ఆ తరువాత అలల్లో కలిసిపోయాయి. ఆ నీళ్ల కింద ఏముందో నాకు పూర్తిగా తెలుసు. ఎన్ని అడుగులో, ఎన్ని నిమిషాలో, ఎంత గాలో అన్నీ తెలుసు. తెలియడం వల్ల భయం తగ్గలేదు, కాని భయానికి ఒక లెక్క దొరికింది. గడియారం చూసుకుంటూ కూర్చున్నాను. అందరూ పైకి వచ్చాక పడవలో పేరు పేరునా పిలిచి హాజరు తీసుకున్నారు. ప్రతివాడూ తన నోటితో పలకాలి, పక్కవాడు పలికితే చెల్లదు. ప్రాక్సీ హాజరు పనికిరాని ఆఫీసును నేను చూసింది అక్కడే.

పిల్ల తల తుడుచుకుంటూ చెప్పింది. "తాతయ్యా, కిందికి వెళ్తుంటే మొదట ఏమీ ఉండదు, అంతా నీలం. ఉన్నట్టుండి కింద నల్లగా ఒక వీధి వీధంతా లేచి వచ్చినట్టు ఓడ కనిపిస్తుంది. క్రేనులు అలాగే ఉన్నాయి. వాటినిండా పసుపూ ఎరుపూ రంగు స్పాంజీలు. ఒక స్తంభానికి జెండా కట్టి ఉంది, గాలికి ఊగినట్టే నీళ్లకి ఊగుతోంది." ఓడలో పనిచేసినవాళ్లు తమ కాలంలో ఒక గది నేల మీద స్నూపీ అనే కార్టూను కుక్క బొమ్మ వేసుకున్నారట. అది ఇప్పటికీ ఉందిట. "చూశావా?" అన్నాను. "లేదు తాతయ్యా, అది లోపల. లోపలికి వెళ్లడానికి నాకు శిక్షణ లేదు. గుమ్మం దగ్గర ఆగిపోయాను" అంది.

ఆ మాట విన్నాక నాకు ఊపిరి వచ్చింది. ఎందుకంటే నేను చదివిన కాగితాల్లో 2007 మార్చి సంగతి కూడా ఉంది. అనుభవం ఉన్న నలుగురు డైవర్లు ఆ ఓడ దగ్గరికి వెళ్లారు. లోపలి అరల్లోకి దూరం వెళ్లినవాళ్లు ముగ్గురు తిరిగి రాలేదు. లోపల చీకటి, కాలి రెక్క తగిలితే లేచే బురద. పైన ఆకాశం ఉండదు, ఇనుప కప్పు ఉంటుంది. లోపలికి వెళ్లేవాడు వెళ్లిన దారి పొడవునా తాడు పరుచుకుంటూ వెళ్లాలి. గాలిలో మూడో వంతు పోవడానికి, మూడో వంతు రావడానికి, మిగిలిన మూడో వంతు ఆపదకు ఉంచుకోవాలి. ఎన్నిసార్లు దిగినవాడికైనా రూలు అదే. చనిపోయినవారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. గుమ్మం దగ్గర ఆగడం కూడా ఒక విద్య అని చెప్పడం నా ఉద్దేశం.

ముంచినదల్లా దిబ్బ అవుతుందనుకోకూడదు. ఫ్లోరిడాలోనే ఫోర్ట్ లాడర్‌డేల్ దగ్గర 1970లలో ఇరవై లక్షల దాకా పాత టైర్లను కట్టలు కట్టి సముద్రంలో వేశారు. అప్పుడూ దిబ్బ అనే అన్నారు. చెత్తా పోతుంది, చేపలూ వస్తాయి, రెండు పిట్టలు అనుకున్నారు. కట్లు తెగాయి. టైర్లు అలలకు దొర్లుతూ పోయి పక్కనున్న సహజ పగడాల్ని రుద్ది చంపాయి. ఆ తరువాత డైవర్లను పెట్టి, ఒక్కొక్క టైరూ ఏరించడానికి ఏళ్ల తరబడి డబ్బు పోశారు. వదిలించుకోవడానికి వేసినదానికీ, ఉపయోగం కోసం సిద్ధం చేసి నిలబెట్టినదానికీ తేడా అది. ఇంకో మాట కూడా చెప్పాలి. ఓడ ఎంత మంచిదైనా పగడపు దిబ్బకు బదులు కాదు. 2023 వేసవిలో ఆ దీవుల దగ్గర సముద్రం విపరీతంగా వేడెక్కి సహజ పగడాలు విస్తారంగా తెల్లబడి చచ్చిపోయాయి. అలాంటి నష్టాన్ని ఇనుప ఓడ పూడ్చలేదు. అది సాయం మాత్రమే.

మన దేశం సంగతికి వస్తాను. విశాఖపట్నంలో మనకు కురుసుర ఉంది. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో రిటైరైన జలాంతర్గామి. 2002లో, అంటే స్పీగెల్ గ్రోవ్ నీళ్ల కిందికి పోయిన సంవత్సరమే, నీళ్ల కింద బతికిన కురుసుర గట్టుకు వచ్చి ఆర్.కె. బీచిలో మ్యూజియం అయింది. మన మనవలు టిక్కెట్టు కొనుక్కుని దాని కడుపులో తిరిగి వస్తున్నారు. ఇక ఐ.ఎన్.ఎస్. గుల్దార్ అనే మన ఓడ, అది కూడా స్పీగెల్ గ్రోవ్‌లాగే సైన్యాన్ని తీరానికి చేర్చే రకం, 2024 జనవరిలో సర్వీసు ముగించుకుంది. దాన్ని సింధుదుర్గ్ తీరంలో నీటి అడుగు మ్యూజియంగా, కృత్రిమ దిబ్బగా చేయడానికి మహారాష్ట్ర ప్రభుత్వానికి అప్పగించారు. అలాంటిది రేపు మన తీరానికీ వస్తే, మనం అడగవలసిన మొదటి ప్రశ్న ఎంతమంది టూరిస్టులు వస్తారని కాదు. ఎంత శుభ్రం చేశారు, ఎక్కడ నిలబెడుతున్నారు, అక్కడి జాలరులను అడిగారా అని.

మిత్రులారా, ఇదంతా మీకు ఎందుకు చెబుతున్నానో మీరు ఈపాటికి గ్రహించే ఉంటారు. మనల్ని కూడా ఒక రోజు దండ వేసి, శాలువా కప్పి, ఇంటికి పంపారు. ఆ ఫంక్షను 37 నిమిషాల్లో అయిపోయింది. కాని ముందు చేయవలసిన శుభ్రం ఎంతమందికి జరిగింది? నాతో పనిచేసిన ఒక మిత్రుడు రిటైరైన ఏడు నెలలకే పోయాడు. సర్వీసు రిజిస్టరులో ఆయన భార్య పేరు ఒకలా, ఆధార్‌లో ఒకలా ఉంది. నామినేషను కాగితంలో అప్పటికే పోయిన తల్లి పేరు ఉంది. ఆవిడ కుటుంబ పెన్షను కోసం పద్నాలుగు నెలలు ఒక కార్యాలయం చుట్టూ తిరిగింది. నీళ్లలోకి వదిలేశాక కేబుళ్లు పీకడం ఎంత కష్టమో ఆమెకు తెలిసింది.

అందుకని సర్వసభ్య సమావేశం ముందు రెండు ప్రతిపాదనలు పెడుతున్నాను. ఒకటి, వచ్చే ఏడాదిలో రిటైరు కాబోయే ఉద్యోగులకు మన సంఘం నెలకు ఒక రోజు కూర్చుని సర్వీసు రిజిస్టరు, నామినేషన్లు, పేర్లు, పుట్టిన తేదీలు, లోను బకాయిలు సరిచూసి పెట్టాలి. కలం పట్టడం మరిచిపోని పాత సూపరింటెండెంట్లు ఇక్కడే ఇరవై మంది ఉన్నారు. రెండు, ఒంటరిగా ఉంటున్న సభ్యులకు జతలు ఏర్పాటు చేయాలి. ఇద్దరిద్దరు. వారానికి రెండుసార్లు ఒకరికొకరు ఫోను చేసుకోవాలి. ఫోను ఎత్తకపోతే మనిషి వెళ్లి చూడాలి. డైవర్లు ఒంటరిగా దిగరు, మనం మాత్రం ఎందుకు దిగాలి?

మొదటి పనికి నా పేరు రాసుకోండి. ప్రతి నెలా రెండో శనివారం ఉదయం పది గంటలకు నేను సంఘం గదిలో ఉంటాను. సర్వీసు రిజిస్టరు జిరాక్సు తెచ్చుకోమని మీ ఆఫీసుల్లో ఇంకా పనిచేస్తున్నవాళ్లకు చెప్పండి.